రెండో పెద్దమనిషి

ఆ యేడు ఎండాకాలమంతా నేను ఒక కంప్యూటర్‌కు తెలుగు నేర్పుతూ కూర్చున్నాను.

గద్వాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. అక్కడే జయరాజు సార్ అని ఎకనామిక్స్ లెక్చరర్ ఉండేవాడు. రెండు వేల ఎనిమిది సంవత్సరం, పరీక్షలు అయిపోయిన మర్నాడు, ఆయన ల్యాబులోకొచ్చి నా ముందు ఒక కాగితం పడేశాడు.

"చూడు సుమనా. మన దిక్కు సీడు పత్తి మీద ఎవరో విదేశపోడు వ్యాసం రాసిండు. ఊర్లు మనయి, చేన్లు మనయి, మనుషులు మనోళ్లు. చదువుదామంటే డాలర్లు కట్టుమంటుండ్రు."

"కట్టకుంటే సార్?"

"మొదటి పేరా సదివి పండుకోవాలె."

పండుకునే రకం కాదాయన. తెలుగులో ఒక పరిశోధన పత్రిక పెట్టాలన్నాడు. అచ్చు లేదు, చందా లేదు. ఇంటర్నెట్ దొరికిన ఎవరైనా ఊరికే చదువుకోవాలి. ఆ పని నడపడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉందని ఎక్కడో తెలుసుకుని వచ్చాడు. ఏదో దేశంలో యూనివర్సిటీ వాళ్లు తయారు చేసి, దాని లోపలి రాతతో సహా అందరికీ వదిలేశారు. తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒక్క పైసా అడగరు.

"పిచ్చోళ్లా ఏంది సార్ వాళ్లు?" అన్నాను.

"మీ పెరట్ల మునగచెట్టుకు కాయలు విరగగాస్తే మీ అమ్మ ఏం చేస్తది? వాడకట్టోళ్లను పిలిచి తెంపుకపోమంటది గదా. మీ అమ్మ పిచ్చిదా?"

పత్రికకు 'ఎగువనేల' అని పేరు పెట్టుకున్నాం. కరెంటు ఉన్నంతసేపు నేను ఆ సాఫ్ట్‌వేర్‌లోని మాటలన్నీ ఒక్కొక్కటే తెలుగు చేస్తూ పోయాను. పద్ధతి తేలికే. రాసినవాళ్లు వ్యాసం పంపుతారు. దాన్ని విషయం తెలిసిన ఇద్దరికి పంపాలి. రాసిందెవరో ఆ ఇద్దరికీ కనపడదు, ఆ ఇద్దరెవరో రాసినవాళ్లకు కనపడదు. పేర్లన్నీ మరుగున పెట్టి మాటలు మాత్రం సాఫ్ట్‌వేరే అటూ ఇటూ చేరవేస్తుంది. వాళ్లు బాగుందంటే వేసుకుంటాం, మార్చమంటే మార్పిస్తాం.

ఆ ఇద్దరినీ తెలుగులో ఏమనాలన్న దగ్గర బండి ఆగింది. సమీక్షకుడు అంటే సార్ మొహం చిట్లించాడు.

"ఊర్ల తగువొస్తే ఎవరి దగ్గరికి పోతం? అటొకరు ఇటొకరు పెద్దమనుషులను కూసోవెడ్తం. గిది గూడ గంతే. పెద్దమనిషి అని పెట్టు."

అట్లా మా పత్రికలో 'మొదటి పెద్దమనిషి', 'రెండో పెద్దమనిషి' తయారయ్యారు. అక్కడితో ఆగలేదాయన. మొదటి పెద్దమనిషి చదువుకున్నవాడుండాలి, రెండో పెద్దమనిషి ఆ పని చేసే మనిషుండాలి అని ఒక నియమం పెట్టాడు. సాటివాళ్లే చూడాలని ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంలో ఉందట. సేద్యం మీద రాస్తే సాటివాడు సేద్యగాడు కాక ఇంకెవరని ఆయన లెక్క. హైదరాబాదులో ఆయన స్నేహితులు విని ఫోన్లోనే పడీపడీ నవ్వారట. మా పాలమూరోళ్లకే తట్టే పని అది.

"మీ నాయన సీడు పత్తి పెడ్తడు గదా. అడుగు పోయి" అన్నాడు సార్.

మా ఊరు ధరూరు దాటి కృష్ణ వైపు పోతే వస్తుంది. మా నాయన నాగప్ప ఇంటర్ మధ్యలో ఆపి నాగలి పట్టినవాడు. పేపరు మాత్రం చావు ప్రకటనలతో సహా చదువుతాడు. సంగతి చెప్తే అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని సావధానంగా విన్నాడు.

"నా పేరు కనవడదా?"

"కనవడదు నాయనా."

"మరి నేను పెద్దమనిషినని ఎవరికి తెలుస్తది?"

"ఎవ్వరికీ తెల్వదు."

"గదేం పెద్దరికమే!" అన్నాడు గానీ ఒప్పుకున్నాడు. మా అమ్మ సుభద్రమ్మ లోపలి నుంచే అందుకుంది: "బోరు మోటరు కాలి వారమాయె. అది బాగుచేపియ్యని మనిషి పెద్దమనిషంట, ఊరోళ్లకు చెప్తే నవ్విపోతరు."

మొదటి వ్యాసం వేరుశనగ మీద వచ్చింది. ప్రింటు తీసుకుపోయి చదివి వినిపించాను. నాయన ఆసాంతం విని, "ఈ మనిషి ఏనాడన్న ఒక్క చెట్టు పీకిండా?" అన్నాడు. నేను కాగితం మీద 'రచయిత క్షేత్రస్థాయి పరిశీలన పెంచుకుంటే బాగుంటుంది' అని రాశాను. ఏం రాశానో చదవమన్నాడు. చదివాను.

"నేను గట్లన్ననా?"

"అర్థం అదే గదా నాయనా."

"అర్థం నాకెందుకు? నేనన్నది రాయి. నువ్వు నున్నగ చేస్తే అది నా మాట ఎట్లయితది?"

కొట్టేసి ఆయన మాటే రాశాను. రాసినాయన కోపం తెచ్చుకోలేదు సరికదా, నిజమే, పీకలేదు, ఈసారి వచ్చి పీకుతాను అని జవాబు పంపాడు. నాయన ఆ జవాబును ప్రింటు తీయించుకుని, మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు.

వానలు పడ్డాయి. పత్తి పూతకొచ్చింది. సీడు పత్తి అంటే కంపెనీలకు విత్తనం కోసం పెంచే పత్తి. పూతకొస్తే మా దిక్కు క్రాసింగ్ కాలం. సాయంత్రం పూట ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో గీకేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడుగుతారు. తెల్లారి మగ పువ్వు తెంపుకొచ్చి దానికి రుద్దుతారు. ఒలిచిన మొగ్గకు మర్నాడు పువ్వు రుద్దకపోతే రాలిపోతుంది. అందుకని క్రాసింగ్ మొదలైతే పండుగ లేదు, ముసురు లేదు. మందు కొట్టిన మర్నాడైనా చేన్లో దిగాల్సిందే. పిల్లల చేతులైతే మొగ్గ చితకదని, చెట్టంత ఎత్తే ఉంటారు కాబట్టి నడుము వంచే పని లేదని చాలామంది పిల్లలనే పెట్టుకుంటారు. మేమూ పెట్టుకున్నాం. అందులో వింత ఉందని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బల్మూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేన్లోనే గుడిసెలు వేసుకుని క్రాసింగ్ చేసేవి. కిందటేడు మా దగ్గరికి అబ్రహాం, దేవమ్మ, వాళ్ల చిన్నబిడ్డ ఎస్తేరు వచ్చారు. ఈ యేడు రాలేదు. ఎస్తేరుకు జ్వరమొస్తే ఊరికి తీసుకుపోయారనీ, అక్కడే పోయిందనీ అమ్మ చెప్పింది. అప్పుడు నేను కర్నూల్లో చదువు చివర్లో ఉన్నాను. ఆ పిల్లను ఒక్కసారే చూశాను, దసరా సెలవుల్లో. నా చేతిగడియారం అడిగి పెట్టుకుని, సాయంత్రం దాకా చేన్లో కనపడ్డవాళ్లందరికీ అడగకుండానే టైం చెప్పింది.

సెప్టెంబరులో హైదరాబాదు నుంచి ఒక వ్యాసం వచ్చింది. స్టీఫెన్ అని ఎం.ఫిల్ విద్యార్థి పంపాడు. సీడు పత్తి చేన్లలో పిల్లల పని మీద. అచ్చు పని చేసేవాళ్ల పాత ఫాంటు అక్షరాల్లో కొట్టించి పంపినందుకు మా తెర మీద అదంతా కోడిగీతల్లా కనపడింది. చేసేదేం లేక పోస్టులో ప్రింటు తెప్పించుకుని మొత్తం నేనే మళ్లీ కొట్టాను. ఊరి పేరు మార్చి 'నదిపల్లె' అని రాశాడతను. కొడుతున్నంతసేపూ ఎవరిదో ఊరు, ఎవరిదో చేను అనుకునే కొట్టాను.

ఆదివారం పగటి బువ్వలయ్యాక చేను గట్టున కొట్టంలో నాయనకు చదివి వినిపించాను. మంచి ఊపుమీదున్నాడు. చేతిలో ఒక పచ్చి పత్తికాయ పెట్టుకుని తిప్పుతూ, అడుగడుగునా ఆపాడు.

"మగ చెట్లు చుట్టూత పెడ్తరని రాసిండా? అందరు పెట్టరు. కొందరు ఒక్క పక్కకే పెడ్తరు. రాసుకో."

రాసుకున్నాను.

"ఎర్ర కాగితం ఎందుకో చెప్పిండా?"

"చెప్పలే."

"చెప్పాలె. పొద్దుగాల మంచుల పచ్చాకు నడుమ ఎరుపైతెనే కండ్లవడ్తది. ఉట్టిగ రంగుకోసం గాదు."

రాసుకున్నాను. నాయనకు వ్యాసం నచ్చింది. పోరగాడెవరో గానీ చేన్లో తిరిగినోడే అన్నాడు. పిల్లల గురించి రాసిన దగ్గర మాత్రం మాట్లాడలేదు. కాయను తిప్పుతూ విన్నాడు. నేను చదువుతూ పోయాను:

"గత సంవత్సరం నదిపల్లెలో ఒక బాలిక, పురుగుమందు చల్లిన మరునాడే చేనులో క్రాసింగ్ చేస్తూ స్పృహ తప్పింది. రైతు ఆమెను వెంటనే ట్రాక్టరులో గద్వాల ఆసుపత్రికి తరలించగా, అక్కడ చికిత్స పొందుతూ మరణించింది."

"ట్రాక్టరు గాదు" అన్నాడు నాయన.

కలం చేతిలోనే ఉంది. "మరి?" అన్నాను, ఎర్ర కాగితం గురించి అడిగినట్టే.

"మోటరు సైకిలు."

ట్రాక్టరు కొట్టేసి మోటరు సైకిలు అని రాశాను.

"దవాఖానకు గూడ పోలే. అది గూడ కొట్టెయ్యి."

కొట్టేశాను. గీత చివరిదాకా గీశాక నా చెయ్యి ఆగింది. ఆ గీత మీద నుంచి కళ్లు ఎత్తడానికి భయమేసింది. అట్లాగే అడిగాను.

"నీకెట్ల తెలుసు నాయనా?"

ఆయన చేతిలో కాయ తిరగడం లేదు.

"ఎస్తేరు" అన్నాడు.

దూరంగా చేన్లో పిల్లలు మొగ్గలు ఒలుస్తూ ఏదో పాట ఎత్తుకున్నారు. నాయన వాళ్ల దిక్కు చూస్తూనే చెప్పాడు. ముందురోజు మందు కొట్టించిందీ, ఒలిచిన మొగ్గలు పోతాయని తెల్లారే పిల్లలను దింపిందీ ఆయనే. అబ్రహాం, దేవమ్మ అవతలి చేన్లో ఉన్నారు. ఎస్తేరు సాలు నడుమ పడిపోయింది. నోట్లోంచి నురగ. వాళ్లను పిలిస్తే ఆలస్యమవుతుందని తనే బండి మీద వేసుకుని గద్వాల బయల్దేరాడు. ధరూరు కాడ, కంపెనీ తరఫున మాకు విత్తనమిచ్చి పంట కొనే సీడు ఆర్గనైజర్ మల్లన్న ఇల్లు. మల్లన్న దారికి అడ్డమొచ్చి బండి ఆపాడు. సర్కారు దవాఖానకు చిన్నపిల్లను తీసుకుపోతే కేసవుతుంది, సీడు మొత్తం బందవుతుంది, ఊరంతా ఆగమవుతుంది, ఇక్కడే సూది ఇప్పిద్దామన్నాడు. ఆర్.ఎం.పి. వచ్చాడు. సూది ఇచ్చాడు, గ్లూకోజు ఎక్కించాడు. ఎక్కుతూ ఉండగానే, మల్లన్న ఇంటి వరండాలో, మధ్యాహ్నం దాటాక పోయింది.

"గద్వాల ఇంకెంత దూరమున్నది ఆడికెళ్లి" అన్నాడు నాయన. అది అడిగినట్టు లేదు.

చాయ గిలాసలు పట్టుకుని గట్టెక్కుతున్న అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, అక్కడే నిలబడిపోయింది.

"చెప్పినవా?" అంది నాయనతో.

అంటే అమ్మకు తెలుసు. చదువై ఇంటికొచ్చినప్పటి నుంచీ నాకు అన్నం పెడుతూ, జడ వేస్తూ, జ్వరమొచ్చి పోయిందని చెప్పిన అమ్మకు తెలుసు.

మర్నాడు పొయ్యి కాడ అమ్మ నన్ను పట్టుకుంది.

"సూడు బిడ్డా, తప్పో ఒప్పో అయిపాయె. పోయిన పిల్ల వస్తదా? ఆ మాట నీ కంప్యూటర్ల వడితే రేపు పోలీసులొస్తరు. ఈ వయసుల మీ నాయనను జీపెక్కిస్తరు. మల్లన్న మనకు సీడిస్తడా? నువ్వే ఆలోచించు, సదువుకున్నదానివి."

చదువుకున్నదాన్నే. ఆలోచించాను. నాయన ఎద్దులకు కుడితి పెడుతుంటే పక్కన చేరాను.

"నాయనా, ఆ రెండు సవరణలు ఇడిసిపెడ్దాం. మిగతాయి పంపుత. వ్యాసం ఎట్లైనా వస్తది. పిల్లల సంగతి లోకానికి తెలుస్తది. ట్రాక్టరుంటే ఏమాయె, మోటరు సైకిలుంటే ఏమాయె?"

నాయన తొట్టి దగ్గర నుంచి లేవలేదు.

"ట్రాక్టరు మాట ఎవరిదో తెలుసా?"

"ఎవరిది?"

"మల్లన్న నేర్పిండు. అబ్రహాంకు చెప్పింది నేను. 'ట్రాక్టరుల గద్వాల దవాఖానకు తీస్కపోయినమే, డాక్టర్లు శానా చూసిండ్రు' అని నా నోటితోని చెప్పిన. ఆ మనిషి నా చేతులు పట్టుకున్నడు, మా బిడ్డ కోసం తిప్పలవడ్డవ్ పటేలా అని." కుడితిలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉన్నాడు. "నేనాడిన అబద్ధం తిరిగి తిరిగి అచ్చయ్యి నా ముంగట్లకే వచ్చింది. పెద్దమనిషివి, సరిగున్నదా చూసి చెప్పుమంటున్నది. సరిగున్నదని పంపుమంటవా?"

కాలేజీకి పోయి జయరాజు సార్‌కు కాగితాలిచ్చాను. ఆయన గీతలు కొట్టిన చోట చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు. చాయ తెచ్చిన మనిషి గ్లాసు పెట్టి పోయాడు. చల్లారేదాకా చూడలేదు.

"ఇది మీ చేనా?"

"అవును సార్."

లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. అన్నీ అందరికీ తెరిచి ఉండాలని ఎండాకాలమంతా నా చెవిలో పోరిన మనిషి.

"నేను వేరే పెద్దమనిషిని పెడ్త. ఈ కాగితాలు నాకు నువ్వియ్యలే, నేను చూడలే. రాసినోనికి ట్రాక్టరనే తెలుసు, ట్రాక్టరనే ఉంటది. నీ ఇల్లు నిలవడ్తది. నువ్వు ఊ అను చాలు."

ఆ మాట ఆయన నోట వింటానని కలలో కూడా అనుకోలేదు. అంతకంటే ఆశ్చర్యం, నా గొంతులో ఆ 'ఊ' అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఆలోచించుకుని రేపు చెప్తానని వచ్చేశాను. షేర్ ఆటోలో ధరూరు దాకా ఆ 'ఊ'ను ఒళ్లో పెట్టుకున్నట్టే కూర్చున్నాను. మల్లన్న ఇంటి ముందు నుంచే పోతుంది దారి. వరండాలో సిమెంటు గచ్చు అప్పుడే కడిగినట్టున్నారు, తడి మెరుస్తోంది. ఇన్నాళ్లూ రోజూ రెండు పూటలా దాన్ని చూస్తూనే పోయాను.

నేరుగా చేనుకు పోయాను. చేన్లో ఒక్క పిల్లా లేదు. నాయన పొద్దున్నే అందరినీ ఇళ్లకు పంపేశాడట. నిన్న ఒలిచిన మొగ్గలన్నీ ఎర్ర కాగితాలతో అట్లాగే ఉన్నాయి. గట్టు మీద మల్లన్న బండి. తెల్ల చొక్కాలో మల్లన్న చేతులు ఆడిస్తున్నాడు.

"మొగ్గలొలిచి ఇడిసిపెడ్తివేందే నాగప్పా! నీకేమన్న గాలి సోకిందా? మగ పువ్వు ఎవరు రుద్దాలె?"

"నువ్వు రుద్దుకో" అన్నాడు నాయన. చెట్టుకు ఆనుకుని బీడీ ముట్టించుకున్నాడు.

"పరాచికాలాడకు. ఇన్ని కాయలు రాలిపోతే కంపెనోళ్లకు నేనేం చెప్పాలె?"

"ట్రాక్టరుల పోయినయని చెప్పు."

మల్లన్న ఆడించే చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నాయనను చూశాడు, గట్టు మీదున్న నన్ను చూశాడు. బండి దగ్గరికి పోయాడు. స్టార్టు చేయడం కూడా మరిచినట్టు, కాలువ దాకా దాన్ని తోసుకుంటూ పోయాడు.

మర్నాడు సార్ అడగకముందే ల్యాబులో కూర్చున్నాను. నాయన పక్కన లేకపోయినా ఆయన చెప్పినది చెప్పినట్టు కొట్టాను. మగ చెట్ల మాట, ఎర్ర కాగితం మాట, తర్వాత ఇది: 'ట్రాక్టరు గాదు, మోటరు సైకిలు. నేనే తీస్కపోయిన. దవాఖానకు పోలే. ధరూరుల ఆపిన్రు, నేను ఆగిన. ట్రాక్టరని అబ్రహాంకు చెప్పింది గూడ నేనే.' కింద మీట నొక్కగానే తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. 'ఒకసారి పంపితే వెనక్కి రాదు. పంపమంటారా?' ఎండాకాలంలో చెమటలు తుడుచుకుంటూ ఆ వాక్యం తెలుగు చేసింది నేనే. అప్పుడు దాన్ని రాయడానికి నిమిషం పట్టలేదు. ఇప్పుడు చదవడానికి చాలాసేపు పట్టింది.

వెనక జయరాజు సార్ ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు. నేను నొక్కిన తర్వాత, "మీ నాయన పెట్టిన సవరణ. నేనెవరిని కాదననీకి" అన్నాడు, నాకంటే ఆయనకే చెప్పుకుంటున్నట్టు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, వాటిలో దాచడానికి ఏమీ లేదు. వ్యాసం దీపావళి దాటాక 'ఎగువనేల'లో వచ్చింది. గద్వాలలో ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో ప్రింటు తీశారు, అది జిరాక్సులయి ధరూరు దాకా వచ్చింది. అధికారులొచ్చారు. నాయన మీద, మల్లన్న మీద కేసు పడింది. నాయన ఏదీ కాదనలేదు. మల్లన్న అన్నీ కాదన్నాడు. మా ఇంటికి సీడు బందయింది. ఊళ్లో కొందరు మా అరుగు ఎక్కడం మానేశారు, కంప్యూటర్ నేర్చిన ఆడపిల్ల ఇల్లు ముంచిందన్నారు. అంతకు ముందు గలగలా మాట్లాడే మా ఇంట్లో గిన్నెల చప్పుడు వినపడడం మొదలైంది. ఆ తర్వాత మేము ఎన్నడూ పత్తి పెట్టలేదు. జొన్న, కంది, అంతే.

కానీ నాకు ఆ కాలమంటే అవేవీ కావు. వ్యాసం రావడానికి ముందు, ఒక పొద్దున మెయిల్ తెరిస్తే, రచయిత సవరణలు చేసి తిరిగి పంపినట్టు సాఫ్ట్‌వేర్ చెప్పింది. ట్రాక్టరు తీసేశాడు. ఆసుపత్రి తీసేసి, మోటరు సైకిలునూ ధరూరులో ఆపడాన్నీ పెట్టాడు. మార్పుల వివరం రాయాల్సిన చోట ఇట్లా ఉంది:

'రెండో పెద్దమనిషి గారు చెప్పినవన్నీ మార్చాను. నా పేరు మీకు తెలియకూడదని నియమం. అయినా చెప్పక తప్పడం లేదు. ఆ పిల్ల మా చెల్లె. మీ పేరు నేను అడగను, నాకు తెలిసింది. ఒక్కటే అడుగుతున్నాను. బండి మీద పోయేటప్పుడు ఏమన్నా మాట్లాడిందా? అడుగుతున్నది నేను కాదు, మా అమ్మ.'

స్టీఫెన్. అబ్రహాంకు పట్నం హాస్టల్లో చదివే కొడుకున్నాడని ఎప్పుడో విన్నాను. నెల రోజులుగా ఆ పేరు నా తెర మీదే ఉంది. పేర్లు కనపడకుండా అన్ని తలుపులూ నేనే మూశాననుకున్నాను. అటువైపు దేవమ్మ కూర్చుని ఉంది.

ప్రింటు తీసుకుని ఇంటికి పోయాను. నాయన అరుగు మీద కంది విత్తనాలు చెరుగుతున్నాడు, అమ్మ పక్కన రాళ్లేరుతోంది. చదివి వినిపించాను. 'ఆ పిల్ల మా చెల్లె' దగ్గర నాయన చేతిలో చాట వంగి, గింజలు జారి అరుగు నిండా పడ్డాయి. ఎవరూ ఎత్తలేదు.

చివరికి అమ్మే అంది. పొయ్యి కాడ నన్ను పట్టుకుని వద్దన్న అమ్మ.

"చెప్పు. అడిగింది తల్లి."

నాయన గోడ వైపు తిరిగాడు.

"నా వెనకాల కూసోవెట్టి తువ్వాలతోని నా నడుముకు కట్టుకున్న. తల నా ఈపు మీద పెట్టింది. ఏం మాట్లాడలే. కాలువ కట్ట మీద గుంతలుండె. ఆడ అన్నది." ఆగాడు. "'జర మెల్లగ పో కాకా, పడ్త' అన్నది."

ఇంకా ఉందని తెలుస్తూనే ఉంది.

"నేను మెల్లగ పోయిన" అన్నాడు.

కాగితం వెనక రాయడానికి కలం తీశాను. 'వాహనం వేగం తగ్గించమని కోరింది' అనే వాక్యం, ఎక్కడ నేర్చుకున్నానో గానీ, దానంతటదే వేళ్ల దాకా వచ్చింది. నాయన గోడ వైపే చూస్తూ, నా కలం కనపడకపోయినా, అన్నాడు:

"నున్నగ చెయ్యకు బిడ్డా. అది ఎట్లన్నదో గట్లనే రాయి."